జీఫు అరణ్యములో చెప్పిన మాట

(చదువవలసినవి: 1 సమూయేలు 23:14–18, 2 సమూయేలు 9వ అధ్యాయము)



జరుగని సంగతిని జరిగినదని, చనిపోవుచున్న స్నేహితునితో చెప్పుట పాపమా, కాదా? ఈ ప్రశ్న మేము కల్పించినది కాదు. మన సంఘస్థుడొకడు ఒక సాయంకాలమున గుడి మెట్లమీద కూర్చుండి మమ్మును అడిగినది. ఆనాడు మేము చెప్పిన ఉత్తరము క్షణములో ముగిసెను. అది చాలదని గ్రహించుటకు మాకు ఒక సంవత్సరము పైగా పట్టినది. వ్రాయవచ్చునని ఆ సహోదరుడు సెలవిచ్చినందున ఈ నెల ఆ సంగతిని మీ యెదుట ఉంచుచున్నాము. పేళ్ళు వ్రాయము. ఎవరైనను పోల్చుకొన్నయెడల, తెలియనట్లు ఊరకుండుట మర్యాద.

మన సాలూరు లారీల ఊరని పేరుపొందినది. ఘాటు ఎక్కి ఒడిశాకును ఛత్తీస్‌గఢ్‌కును పోవు లారీలు, వాటికి బాడీలు కట్టు షెడ్లు, ఆ షెడ్లలో సుత్తి చప్పుడు, ఇవన్నియు మీరెరిగినవే. అయితే లారీ గలవాడు వేరు, లారీ వెనుక మూటమీద కూర్చుండి ఊరు విడిచి పోవువాడు వేరు. మేము చెప్పబోవునది రెండవవానిని గూర్చి.

పొట్టకొరకు ఊరు విడుచుట మనకు క్రొత్త కాదు. మన తాతల కాలమున కొందరు షావుకారు ఇంట కంబారులుగా ఏడాది జీతమునకు కుదిరి పశువులను మేపిరి. కొండమీద గోతి పెట్టుకొన్నవారు తీసికొన్న కొద్దిపాటి అప్పునకు తమ యౌవనమంతయు చెల్లించిరి. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చినది గాని, ముందుగా చేతిలో సొమ్ము పెట్టి మనిషిని తీసికొనిపోవు అలవాటు చట్టముతో పోలేదు. మరికొందరు ఓడ ఎక్కి రంగం పోయిరి. రంగూనును మన పెద్దలు ఆ పేరుతోనే పిలిచిరి. అక్కడ ఓడరేవులో మూటలు మోసినవారిలోను, ధాన్యపు మిల్లులలో పనిచేసినవారిలోను మన తెలుగువారు ఎందరో యుండిరి. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె కట్టగా యజమానులు బర్మావారిని పనిలో పెట్టిరి. సమ్మె తీరి తెలుగువారు తిరిగి రాగానే ఆ బర్మా కూలీలను పొమ్మనిరి. ఆ కోపము మూటలు దింపించుకొన్న యజమానిమీదికి పోలేదు. కూలివాడు కూలివానిమీద పడెను, వీధులలో నెత్తురు పారెను. తరువాత 1941 డిసెంబరు 23న రంగూనుమీద జపానువారి బాంబులు పడెను. 1942లో లక్షలాది మన దేశస్థులు అరకాను కొండలమీదుగాను అస్సాము అడవులమీదుగాను నడిచి వచ్చిరి. త్రోవలో కలరాచేతను ఆకలిచేతను చనిపోయినవారు అనేకులు.

ఇప్పుడు రంగం లేదు. కొల్లేటి వైపు చేపల చెరువులున్నవి, గోదావరి జిల్లాలలో కోళ్ళ ఫారములున్నవి, చెన్నపట్టణములోను హైదరాబాదులోను మేడల పని యున్నది. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కట్టుచుండిన పదకొండు అంతస్తుల భవనము కూలి 61 మంది చనిపోయిరి. వారిలో అనేకులు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవారే. సాలూరు అప్పటికి విజయనగరం జిల్లాలోనిదే. 2022లో గదా పార్వతీపురం మన్యం జిల్లాలోనికి వచ్చితిమి. జిల్లా పేరు మారినను బస్సు ఎక్కువారు మారలేదు.

ఆ రంగూను వీధులను గూర్చి చదివినప్పుడు మాకు తోచినదేమనగా, పని వెదకుకొనుచు తిరుగువానికి ప్రక్కవాడు స్నేహితుడగుట సహజము కాదు. ప్రక్కవాడు తక్కువ కూలికి ఒప్పుకొన్నయెడల తన అన్నము పోవును. తానిచ్చట ఎన్ని నెలలుండునో తనకే తెలియదు. మేస్త్రీకి ఒక మనిషి పోయినయెడల ఇంకొక మనిషి. అట్టి చోట ఇద్దరు మనుష్యులు ఎనిమిది సంవత్సరములు ఒక్క కుండలో వండుకొని తినిరన్నచో అది చిన్న సంగతి కాదు.

మన సంఘస్థుడును, కొండ దగ్గరి ఊరివాడైన అతని నేస్తమును అట్లు తినిరి. నేస్తము అను మాటను మేము ఊరకే వాడలేదు. మన వైపు నేస్తం కట్టుట అను ఆచారము కలదు గదా. కులము వేరైనను, ఊరు వేరైనను, నేస్తము కట్టినతరువాత ఒకని తల్లి మరియొకనికి తల్లి. పండుగకు బట్టలు పెట్టుకొందురు, శుభమునకును చావునకును కబురు పంపుకొందురు. ఆ రెండవవాడు మన విశ్వాసములోనివాడు కాడు. అయినను క్రిస్మసునకు క్రొత్త లుంగీ అతనికి ఈ యింటినుండియే పోయెడిది.

చెరువుల దగ్గర బ్రదుకు మీలో కొందరెరుగుదురు. గట్టుమీద ఒక మకాము, పైన రేకులు. తవుడును చెక్కను కలిపి, రంధ్రములు గల సంచులలో నింపి, పడవమీద పోయి నీటిలో పాతిన కర్రలకు కట్టవలెను. రాత్రి కాపలా. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి తేలి నోళ్ళు తెరచును. ఆ గడియలో నిద్రపోయినవాని పని పోవును. అందుచేత ఒకని నిద్ర రాకుండ మరియొకడు మాటలాడవలెను. ఏమి మాటలాడుదురు? ఎనిమిది సంవత్సరములు ఒక్క సంగతియే మాటలాడిరి. వేగావతి ఈవల ఒక చెక్క మెట్ట భూమి. దానిలో రెండిండ్లు, రెండింటికి కలిపి ఒక్కటే అరుగు. రెండు గేదెలు. ఒకడు జీడి మొక్కలు వేయుదమనును, మరియొకడు చోళ్ళు చల్లుదమనును. ఇది తీరిన తగవు. తీరనిది మేకల తగవు.

‘మేకలుంటేనే ఇల్లు ఇల్లులాగుంటాది’ అని నేస్తము.

‘ఒద్దురా. మొక్కలన్నీ తినేత్తాయి’ అని మనవాడు.

‘కంచేసుకుందుం.’

‘కంచి కూడా తింతాయి, మీ మేకలు.’

లేని మేకలకొరకు వారు రెండు దినములు మాటలు మానుకొన్న సందర్భము కూడ కలదట.

వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో జాన్ స్టైన్‌బెక్ అను అమెరికా రచయిత 1937లో ప్రచురించిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ అను చిన్న నవల మా చేతికి వచ్చెను. కాలిఫోర్నియాలో పశువులను పైరులను పెంచు పెద్ద కమతములలో కూలిచేయు ఇద్దరు స్నేహితుల కథ. వారికిని సొంత నేల కావలెను. వారిలో ఒకనికి కుందేళ్ళు కావలెను. ఆ నేల వారికి దక్కలేదు. ఇది కల్పిత కథయని తలంచి పుస్తకమును తిరిగి బీరువాలో పెట్టితిమి. ఆ దేశపు కుందేళ్ళు ఈ దేశమున మేకలై మా గుడి మెట్లయొద్దకు వచ్చునని అప్పుడెరుగము.

ఇద్దరును నెలకు వెయ్యి రూపాయల చొప్పున తీసి, మనవాని పేర నున్న బ్యాంకు ఖాతాలో వేసిరి. పని దొరకని నెలలు పోగా, ఎనిమిది ఏండ్లకు 1,40,000 రూపాయలాయెను. ఈలోగా నేల ధర వారి పొదుపు కంటె వేగముగా నడిచెను. ఆ సంగతి ఇద్దరును ఎరుగుదురు గాని రాత్రి మాటలలో దానిని రానియ్యలేదు. అప్పుడు మనవాని కుమార్తెకు సంబంధము కుదిరెను. పెండ్లికి ఆ సొమ్మంతయు తీసెను. మరల వేసెదనని అనుకొనెను. నేస్తముతో చెప్పలేదు. చెప్పకయే రెండు సంవత్సరములు ప్రతి రాత్రి ఆ నేలను గూర్చి మాటలాడెను.

ఆ పెండ్లి చేసినది మేమే. పందిరి బాగుండెను, రెండు రకముల కూరలు పెట్టిరి. కూలివాడైనను కుమార్తెను గౌరవముగా పంపినాడని ప్రార్థనలో దేవునికి స్తోత్రము చెల్లించితిమి. ఆ భోజనములో సగము ఎవరిదో మాకు తెలియదు. అయితే ఇంత ఖర్చు ఎక్కడనుండి వచ్చెనని అడుగవలెనని కూడ మాకు తోచలేదు. తక్కువగా చేసినయెడల మన సంఘములోనే ఎవరేమందురో అది మాత్రము మాకు బాగుగా తెలియును.

తరువాత నేస్తము కడుపులో జబ్బుతో పడెను. ఆసుపత్రివారు కొన్నాళ్ళు ఉంచుకొని, ఇక ఇంటికి తీసికొని పొండనిరి. మనవాడు చెరువుల పని విడిచి వచ్చి అతని మంచము ప్రక్కనే యుండెను. చివరి రాత్రి అతడు అడిగెను.

‘డబ్బులు సాలినాయేట్రా?’

‘సాలినాయి. సోమారం రిజిస్ట్రీ.’

‘మరి మేకలు?’

‘సరేలే, నీ మాటే కానీ. కొందుం.’

తెల్లవారకముందే అతడు చనిపోయెను. నెల దినములకు మనవాడు మా యొద్దకు వచ్చి, జరిగినదంతయు చెప్పి, ‘అయ్యగారూ, నానాడితో అలగ సెప్పడం అబద్ధమేనా?’ అని అడిగెను. అబద్ధము అబద్ధమే, పశ్చాత్తాపపడుము అని చెప్పితిమి. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలోని మాట కూడ ఎత్తి చూపితిమి. అతడు లేచి వెళ్ళిపోయెను. ఆ నెల ప్రభు భోజనమునకు రాలేదు. మరుసటి నెలయు రాలేదు. తిరిగి చెరువులకు పోయినాడని తెలిసెను. మన రిజిష్టరులో అతని పేరు ఎదుట ‘ఊరిలో లేరు’ అని వ్రాసి ఊరకుంటిమి. ఆ రెండు మాటలు వ్రాయుట మనకెంత సులభమో చూడుడి. మా సంఘపు రిజిష్టరులో అట్టి పేళ్ళు పుట కంటె ఎక్కువ యున్నవి.

ఒక గృహ ప్రార్థనలో పిల్లలకొరకు దావీదు యోనాతానుల కథ చెప్పవలసివచ్చి, 1 సమూయేలు 23వ అధ్యాయమును తెరచితిమి. ఆ స్నేహములో వస్త్రము విప్పి ఇచ్చిన భాగమును, బాణముల గురుతును మేము అనేక సారులు ప్రసంగించితిమి. జీఫు అరణ్యములో జరిగినదానిని ఒక్కసారియైనను ప్రసంగింపలేదు. సౌలు తరుముచుండగా దావీదు అడవిలో దాగియున్నాడు. యోనాతాను అక్కడికి పోయి అతనిని దేవునియందు బలపరచి, నీవు రాజువగుదువు, నేను నీకు రెండవవాడనగుదును అని చెప్పెను. వారి నేల అది, వారి రెండిండ్ల అరుగు అది. ఆ తరువాత వారిద్దరు కలిసికొన్నట్టు వాక్యములో లేదు. యోనాతాను గిల్బోవ పర్వతముమీద కూలెను. రెండవవాడు కాలేదు. ఆ మాటలో సగము నెరవేరలేదు.

మరి యోనాతాను అబద్ధమాడెనా? అట్లనువాడు ఎవడును లేడు. తాను నమ్మినదానినే చెప్పెను. ఇక్కడ మేము మన సహోదరుని విడిపించుటకు తొందరపడరాదు. యోనాతానునకు తెలియదు, ఇతనికి తెలియును. ఖాతాలో డబ్బు లేదని తెలిసియే ‘సాలినాయి’ అనెను. ఈ భేదమును తుడిచివేసినయెడల మేము వాక్యమును మెత్తపరచినవారమగుదుము. రెండు సంవత్సరములు దాచిన దాపరికము పాపము. దానికి మేము మరియొక పేరు పెట్టలేము. ఆ స్నేహితుడు జబ్బుపడకముందు నిజము వినవలసిన హక్కు గలవాడు. విని కోపించుటకును, క్షమించుటకును హక్కు గలవాడు. ఆ రెండు హక్కులను ఇతడు తీసివేసెను.

అయితే ఆ చివరి రాత్రి మాట సంగతి యేమి? దానిని కూడ ఆ లెక్కలోనే వేయవలెనా? రోగితో ‘నీవు బాగుపడుదువు’ అని మనము చెప్పుచుందుము. చెప్పి టీ త్రాగి ఇంటికి పోదుము. ఆ మాటకు మనకేమియు ఖర్చు లేదు. ఇతడు చెప్పిన మాట అట్టిది కాదని మా తలంపు. సొమ్ము ఉన్నదని ఎదుటివానితో చెప్పినవాడు ఆ సొమ్మునకు బాధ్యుడు. ఆ రాత్రి అతడు తనమీద తానే పత్రము వ్రాసికొనెను. సాక్షి చనిపోయినందున పత్రము చెల్లకపోదు. చెప్పిన నాటికి అది నిజము కాదు. తరువాత అతడేమి చేసెనో దానిని బట్టి అది వట్టి అబద్ధముగా మిగులుటయో, చెల్లింపవలసిన మాటగా మిగులుటయో తేలవలసి యుండెను. మేము మొదటి దినముననే తీర్పు చెప్పి పుస్తకము మూసివేసితిమి. అతని నాలుకను విచారించితిమి గాని, ఆ విధవరాలి సొమ్మెంత, ఎట్లు తీర్చెదవు అని ఒక్క ప్రశ్న వేయలేదు.

2 సమూయేలు 9వ అధ్యాయములో దావీదు రాజైన తరువాత, యోనాతాను నిమిత్తము మేలు చేయుటకు సౌలు ఇంటివారిలో ఎవరైన మిగిలియున్నారా అని అడుగును. కుంటివాడైన మెఫీబోషెతు లోదెబారులో దొరకును. అతని తాత నేల అతనికి తిరిగి వచ్చును, రాజు బల్లయొద్ద చోటు దొరకును. దీనిని మనము దావీదు కృపయని పొగడుదుము. ఒక లెక్క మాత్రము చూడుడి. తండ్రి చనిపోయినప్పుడు మెఫీబోషెతు ఐదేండ్లవాడని 4వ అధ్యాయములో నున్నది. దావీదు అతనిని పిలిపించు నాటికి అతనికి మీకా అను చిన్న కుమారుడు కలడు. అనగా ఐదేండ్ల పిల్లవాడు పెరిగి తండ్రియగువరకు దావీదు అడుగలేదు. అంత గొప్ప స్నేహితుడును అంత ఆలస్యము చేసెను. ఇది దావీదును తక్కువ చేయుటకు చెప్పుట లేదు. ఆలస్యమైనదని ఎవడును చెల్లింపు మానుకొనకూడదని చెప్పుచున్నాము.

మరియొక సంగతి కూడ మా మనస్సులో నున్నది. పేదవాడు సొంత నేలను గూర్చి కలలు కనునప్పుడు మేము, అనగా బోధకులము, తరచుగా సంతుష్టిని గూర్చి బోధింతుము. తిమోతికి వ్రాసిన పత్రిక తీసి అన్నవస్త్రములు చాలునందుము. మాకు సంఘము కట్టించిన ఇల్లున్నది, దొడ్డిలో మునగచెట్టున్నది. అట్టి ఇంటిలో కూర్చుండి ఆ వాక్యమును చదువుట వేరు, చెరువు గట్టుమీద రేకు క్రింద దానిని వినుట వేరు. తన ద్రాక్షచెట్టు క్రిందను తన అంజూరపు చెట్టు క్రిందను భయములేక కూర్చుండు దినమును మీకా ప్రవక్త చెప్పినప్పుడు, ఆ కోరికను దేవుడు ఆశయని నిందింపలేదు, వాగ్దానముగా ఇచ్చెను. మన సహోదరుని తప్పు నేలను కోరుటలో లేదు. ఆ నేలలో తన నేస్తము భాగమును పెండ్లి పందిరిలో ఖర్చుపెట్టుటలో నున్నది. ఆ పందిరి క్రింద మేమును భోజనము చేసితిమి.

ఈ సంగతి గ్రహించినతరువాత మేము బస్సులో కైకలూరు పోయి, అక్కడనుండి ఆటోలో ఆ చెరువు దగ్గరకు పోతిమి. అతడు పడవ గట్టునకు చేర్చి, ఏమియు మాటలాడక, ముందుగా టీ పెట్టెను. మేము ఆనాడు చెప్పినది సగమే అని అతనితో చెప్పితిమి. ‘నాకు తెల్సు అయ్యగారూ’ అనెను. మేము రాకముందే అతడు నేస్తము భార్యయొద్దకు పోయి, పెండ్లి సంగతియు సొమ్ము సంగతియు దాచక చెప్పి, ఆమె భాగము 70,000 రూపాయలని ఒప్పుకొని, నెలకు 2,000 చొప్పున ఇచ్చుట మొదలుపెట్టియుండెను. ఆమె మొదటి రెండు నెలలు డబ్బు తీసికొన్నది గాని మాటలాడలేదట. మూడవ నెల లోపలికి వచ్చి కూర్చుండుమనెనట. చివరి రాత్రి చెప్పిన మాటను గూర్చి కూడ ఆమెతో చెప్పితివా అని అడిగితిమి. చెప్పితిననెను. ఆమె ఏమనినదో అతడు మాకు చెప్పలేదు, మేము మరల అడుగలేదు.

ఆ విధవరాలు మన సంఘములోనిది కాదు గదా, అంత ఖచ్చితముగా చెల్లింపవలెనా అని మన పెద్దలలో ఒకరు అనిరి. లూకా సువార్త 10వ అధ్యాయములో గాయపడినవాడు ఏ సంఘమువాడో వ్రాయబడలేదని వారికి చెప్పితిమి. కుమార్తె పెండ్లిలో భోజనము చేసిన మనము కూడ ఏమైన కలుపవలెనేమో అని మేము పెద్దల కూటములో ఎత్తితిమి. అది ఇంకను తీర్మానము కాలేదు. రెండు సారులు వాయిదా పడినది.

ఇప్పటికి 48,000 రూపాయలు చెల్లినవి, 22,000 మిగిలియున్నవి. నేస్తము కుమారునికి పదునారు సంవత్సరములు. తానును చెరువులకు వచ్చెదనని పట్టుబట్టగా, పదవ తరగతి తప్పకుండ వ్రాయవలెనని, తప్పినను మరల వ్రాయవలెనని, అంతవరకు బస్సు ఎక్కనియ్యనని ఇతడు చెప్పినాడు. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు మేమును అతనితో కూడ ఆ ఇంటికి పోతిమి. వాకిట గుంజకు రెండు మేకపిల్లలు కట్టియుండెను. ఒకటి నల్లది, ఒకటి చెవుల దగ్గర తెల్ల మచ్చలు గలది. ఇవి ఎక్కడివని అడుగగా తానే సంతలో కొని తెచ్చినాననెను. బాకీలో ఎంత తగ్గించుకొంటివని అడిగితిమి. ఇవి ఆ లెక్కలోనివి కావనెను.

‘మొక్కలు తినేయునంటివి గదా?’ అంటిమి.

అతడు ఆ నల్లదానికి చింతాకు రెమ్మ అందించుచు, ‘మొక్కలేవి అయ్యగారూ? నేల ఇంకా కొన్నేదు గదా’ అనెను.